కొహిమా మెట్లు, అమ్మమ్మ మోకాళ్లు

పోయిన ఆశ్వయుజంలో ఒక ఉదయం నేను కుట్టుపని టేపు పట్టుకొని విజయవాడ పద్మావతి ఘాట్‌లో మెట్ల ఎత్తు కొలిచాను. మా అమ్మమ్మ ఇంటి నుంచి తెచ్చుకొన్న ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చొని, చేతికర్రను ఒళ్లో అడ్డంగా పెట్టుకొని చూస్తూ ఉంది. ఆమెకు 85 ఏళ్లు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, ఎడమది మరీ ఎక్కువ. మంచం దగ్గర నుంచి తులసికోట దాకా నడవడానికే మధ్యలో ఒకసారి ఆగే మనిషిని కొండవాలు మీద ఉన్న యుద్ధభూమికి తీసుకువెళ్లాలని నిశ్చయించుకొన్నాం కనుక, ఎంత ఎత్తు మెట్టు ఆమె ఎక్కగలదో, ఎన్ని మెట్లకు ఒకసారి కూర్చోవాలో ముందే తెలుసుకోవడం అవసరమైంది.

మేము వెళ్లదలచిన చోటు నాగాలాండ్‌లోని కొహిమా. అమ్మమ్మ తండ్రి రెండో ప్రపంచయుద్ధంలో, 1944లో అక్కడ చనిపోయారు. గుంటూరు జిల్లాలో కొమ్మమూరు కాలువ పక్కన ఒక చిన్న ఊరు వాళ్లది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాక, సముద్రతీరపు ఊళ్ల జనం మూటాముల్లె సర్దుకొని లోపలి ఊళ్లకు తరలిపోతున్న రోజుల్లో, మా ముత్తాత రైలెక్కి బెంగళూరు వెళ్లి మద్రాసు సాపర్స్ దళంలో చేరారని తాతమ్మ చెప్పేదట. సాపర్లంటే సైన్యం కోసం రోడ్లు వేసేవాళ్లు, వంతెనలు కట్టేవాళ్లు, శత్రువు పాతిపెట్టిన మందుపాతరలు తీసేవాళ్లు. ఆ యుద్ధంలో పాతిక లక్షల మంది భారతీయులు నిర్బంధం లేకుండానే సైన్యంలో చేరారు. మా ముత్తాతను చేర్చింది మాత్రం ఇంట్లో ఇబ్బందేనని, ఉన్న రెండెకరాలూ తాకట్టులో ఉండేవని అమ్మమ్మ అంటుంది.

ఆయన గురించి ఆమెకు సొంతంగా గుర్తున్నది ఒక్కటే. సెలవు మీద వచ్చినప్పుడు ఆమెను భుజాన ఎక్కించుకొని కాలువ కట్ట వెంబడి నడిచారట. చొక్కా మెడపట్టీ తన తొడకు గరుకుగా ఒరుసుకొన్న సంగతి చెబుతుంది కానీ, ముఖం గుర్తులేదు. ఇంట్లో ఫొటో కూడా లేదు. ఉన్నదల్లా తాతమ్మ ట్రంకుపెట్టె అడుగున బట్టలో చుట్టి దాచిన ఒక కంచు నక్షత్రం. ఆరు కొసల ఆ పతకానికి ముదురు నీలం రంగు రిబ్బను, దాని మధ్యలో ఎర్రటి పట్టీ, అటూ ఇటూ నారింజ రంగు గీతలు. అది బర్మా యుద్ధరంగంలో పనిచేసినవారికి ఇచ్చిన బర్మా స్టార్ అని మాకు తెలిసింది ఈమధ్యనే. నెలనెలా పోస్టుమాన్ తెచ్చే పింఛను మనియార్డరు మీద తాతమ్మ వేలిముద్ర వేసేదనీ, ఆ రోజు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదనీ అమ్మమ్మ చాలాసార్లు చెప్పింది.

ఆయన చనిపోయిన తేదీ మా వాళ్లకు సరిగా తెలియదు. తెలిపిన కాగితం ఏదో వచ్చింది కానీ, తరువాత వచ్చిన ఒక వరదలో పోయింది. తిథి తెలియని వారికి చేసినట్టే ఇన్నేళ్లూ మహాలయ అమావాస్యనాడు ఆయనకు పెట్టారు. రెండేళ్ల క్రితం నేను కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వారి వెబ్‌సైటులో వెతకడం మొదలుపెట్టాను. రెండు ప్రపంచయుద్ధాల్లోనూ చనిపోయిన బ్రిటిష్, భారతీయ, ఇతర కామన్‌వెల్త్ సైనికుల సమాధులనూ స్మారకాలనూ చూసుకొనే సంస్థ అది. ఆయన పేరు ఎన్ని రకాల స్పెల్లింగులతో వెతికినా దొరకలేదు. చివరకు పేరు వదిలిపెట్టి, గుంటూరు అన్న మాటతో వెతికితే దొరికింది. మన సైనికుల వివరాల్లో చాలాచోట్ల ఫలానావారి కుమారుడు, ఫలానావారి భర్త, ఫలానా ఊరు, ఫలానా జిల్లా అని రాసి ఉంటుంది. తాతమ్మ పేరూ మా ఊరి పేరూ ఆ ఒక్క వరుసలో కనిపించినప్పుడు నేను రాత్రి పదకొండు గంటలకు అమ్మమ్మను నిద్ర లేపాను. తేదీ 1944 మే నెలలోది. మా పంతులుగారు పాత పంచాంగం చూసి, అది తారణ నామ సంవత్సరం వైశాఖ బహుళ పక్షమని చెప్పి, తిథి కాగితం మీద రాసి ఇచ్చారు. అమ్మమ్మ ఆ కాగితాన్ని పోపుల డబ్బా ఉన్న అరలో పెట్టుకొని, మర్నాడు మా అమ్మతో, “ఆ చోటు ఒక్కసారి చూసి రావాలని ఉందే” అంది.

ఆ వివరాల కింద ఆయన పేరున్న చోటు కూడా రాసి ఉంది: కొహిమా దహన స్మారకం. కొహిమా యుద్ధ శ్మశానవాటికలో 1,420 సమాధులున్నాయి. హిందూ, సిక్కు సైనికులను వారి ఆచారం ప్రకారం దహనం చేశారు కనుక వారికి సమాధులు లేవు. అలాంటి 917 మంది పేర్లతో ఒక స్మారకం కట్టారు. ఆ స్మారకం ఉన్నది శ్మశానవాటికలో అన్నిటికంటే ఎత్తయిన చోట. గారిసన్ హిల్ అనే కొండ వాలును అరలు అరలుగా చెక్కి, ఒక్కొక్క అర మీద సమాధులు పేర్చారు. గేటు రోడ్డు పక్కన కింద ఉంటుంది. అంటే మా అమ్మమ్మ చూడవలసినది మొత్తం కొండకు చివర ఉన్నదన్నమాట.

మేము మొదట సంప్రదించిన ఒక పర్యాటక సంస్థ వారు మెట్లు పెద్దగా ఉండవని, కారు లోపలిదాకా వెళుతుందని, చక్రాల కుర్చీ నడిపించుకోవచ్చని ఫోన్లో ధీమాగా చెప్పారు. ఫొటోలు వెతికి చూస్తే ఏ ఫొటోలో చూసినా మెట్లే. వారికి డబ్బు కట్టి నమ్మి వెళ్లి ఉంటే ఆమెను గేటు దగ్గరే కూర్చోబెట్టి తిరిగి రావలసి వచ్చేది. వృద్ధులను తీసుకువెళ్లే వారెవరైనా మాటను కాదు, ఫొటోను నమ్మాలి. అది కూడా అలంకారంగా తీసిన ఫొటోను కాక, మామూలు సందర్శకులు తీసిన వాటిలో మెట్లకు పక్కన పట్టుకోవడానికి కమ్మీ ఉందా లేదా అని చూసుకోవాలి.

అందుకే పద్మావతి ఘాట్. నెలన్నరపాటు వారానికి నాలుగు రోజులు, ఎండ ముదరకముందే తమ్ముడు ఆమెను కారులో తీసుకువచ్చేవాడు. గుంటూరులో ఆమెకు వ్యాయామాలు నేర్పే ఫిజియోథెరపీ అమ్మాయి ఒక సూత్రం చెప్పింది: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. ఎక్కడంలో ఒంటిని పైకి లేపవలసింది బలమున్న కాలు. దిగడంలో బరువును ఆపుతూ నెమ్మదిగా వంగవలసిందీ అదే. అమ్మమ్మ దీన్ని రెండు రోజుల్లో పట్టుకొంది. “కుడి పైకి, ఎడమ కిందికి” అని పెదవుల మీద అనుకొంటూ అడుగు వేసేది. ఒకప్పుడు దసరాకు ఇంద్రకీలాద్రి మెట్లన్నిటికీ పసుపు రాసి బొట్లు పెడుతూ ఎక్కిన మనిషి, కోటప్పకొండకు కాలినడకన వెళ్లిన మనిషి, ఇప్పుడు పది మెట్లు ఎక్కి స్టూలు కోసం వెనక్కు చూసేది. కానీ ఆ నెలన్నరలో పది కాస్తా పద్నాలుగు అయ్యాయి.

మిగిలిన ఏర్పాట్లలో పనికివచ్చినవి మాత్రం చెబుతాను. నాగాలాండ్‌లో అడుగుపెట్టడానికి బయటి రాష్ట్రాల వారికి ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. విమానం దిగే దిమాపూర్‌కు కూడా అది వర్తిస్తుంది. ముగ్గురికీ ఇంటి దగ్గరే ఆన్‌లైన్లో తీసుకొన్నాం. విమానం టికెట్లతోపాటే చక్రాల కుర్చీ అడిగాం. చేతికర్ర చివర రబ్బరు తొడుగు అరిగి నున్నబడింది, కొత్తది వేయించాం. ఎత్తు తక్కువ కమోడ్ మీద నుంచి ఆమె లేవలేదు కనుక మడత కమోడ్ కుర్చీ ఒకటి సామానులో వేసుకొన్నాం. ఇలాంటి ప్రయాణం సాగేదీ ఆగేదీ చాలావరకు బాత్రూము దగ్గరేనని నా అనుభవం. కొండ ఊళ్లలో ఇంకో సంగతి ఉంది. భవనాలు వాలుకు ఆనించి కడతారు కనుక రోడ్డు మీద నుంచి లోపలికి అడుగుపెడితే అది ఏ అంతస్తయినా కావచ్చు. గదులు కింద కూడా ఉంటాయి. గ్రౌండ్ ఫ్లోర్ గది కావాలంటే రోడ్డు నుంచి రెండంతస్తులు కిందికి దిగవలసిన గది ఇవ్వవచ్చు. రోడ్డు మట్టానికి ఉన్న గది కావాలని అడగాలి.

కార్తీకంలో బయలుదేరాం. గన్నవరం నుంచి హైదరాబాదు, కోల్‌కతా మీదుగా దిమాపూర్. మధ్యలో కోల్‌కతాలో ఒక రాత్రి ఆగాం. దిమాపూర్ నుంచి కొహిమా 74 కిలోమీటర్లు. దూరం చూసి రెండు గంటలనుకొంటే పొరపాటు. కొండచరియలు విరిగిపడిన చోట్ల బండ్లు ఆగి ఆగి కదులుతాయి. అమ్మమ్మ ముందు సీటును వెనక్కు వాల్చుకొని, కాళ్ల కింద సంచి పెట్టుకొని కూర్చొంది. “మా నాయన వచ్చింది ఈ దారినేనా?” అని అడిగింది. ముట్టడిలో ఉన్న కొహిమాను విడిపించడానికి సైన్యం వచ్చింది దిమాపూర్ నుంచి ఈ దారినే. రైలు ఆ ఊరి దాకా వస్తుంది కనుక సరుకంతా అక్కడే దిగేది. ఆయన దళం ఎప్పుడు, ఏ బండిలో వచ్చిందో చెప్పే కాగితం మా దగ్గర లేకపోయినా, దారి ఇదేనని చెప్పగలిగాను. తరువాత ఆమె పడుకోలేదు. అద్దం దించమని, ఆ చలిలోనే కొండలు చూస్తూ వచ్చింది.

మొదటి రోజు నేను ఒక తప్పు చేశాను. మధ్యాహ్నం మూడు గంటలకు కొహిమా చేరి, ఇంకా రెండు మూడు గంటల వెలుతురు ఉంటుందని మన లెక్కలో అనుకొని నేరుగా శ్మశానవాటికకు తీసుకువెళ్లాను. కార్తీకంలో అక్కడ నాలుగున్నరకే పొద్దు కుంకుతుంది. గేటు లోపల పెద్ద బండరాయి మీద చెక్కిన సమాధిలేఖనం ముందు ఆగాం. మీరు ఇంటికి వెళ్లినప్పుడు మా గురించి చెప్పండి, మీ రేపటి కోసం మేము మా ఈనాటిని ఇచ్చామనండి అని దాని భావం. దాన్ని ఆమెకు తెలుగులో చెప్పాను. “ఇంటికి ఎవరొచ్చి చెప్పారు? ఎవరూ రాలేదు” అంది. కోపంగా అనలేదు, జరిగింది చెప్పినట్టు అంది. తరువాత మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. ప్రయాణపు అలసట ఒకవైపు, చలికి బిగుసుకొన్న మోకాళ్లు ఒకవైపు. మూడో అర చేరేసరికి ఎడమ మోకాలు మడత పడలేదు. వెలుగు తగ్గిపోతోంది. తమ్ముడు వీపు మీద ఎక్కమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఎక్కడం కంటే దిగడం కష్టమని ఆ సాయంత్రం బాగా అర్థమైంది. ఎడమ కాలు కిందికి, తరువాత కుడి. ప్రతి మెట్టుకూ చిన్న మూలుగు. గదికి వచ్చాక వేడినీళ్ల సంచి పెడుతుంటే గోడ వైపు తిరిగి పడుకొని, “రేపు వద్దులే” అంది. నేను బదులు చెప్పలేదు.

తెల్లవారి ఎనిమిదింటికి తానే చీర మార్చుకొని, ఉలెన్ టోపీ పెట్టుకొని కూర్చొని ఉంది. అయినా పది దాకా ఆగాం. గడ్డి మీద మంచు ఆరకపోతే కర్ర జారుతుంది. హోటలు వారిని అడిగి చేతులున్న చెక్క కుర్చీ ఒకటి తీసుకొన్నాం. ముందురోజు ఆమె అవస్థ చూసిన తోటమాలులు ఇద్దరు గేటు దగ్గరే ఎదురొచ్చారు. వారి నాగా యాస హిందీ నాకు సగమే అర్థమైంది కానీ, వాళ్ల సైగ అర్థమైంది: కూర్చోబెట్టండి, మేము పడతాం. అమ్మమ్మ వాళ్ల ముఖాలూ కుర్చీ కాళ్లూ మార్చి మార్చి చూసి, చివరకు ఒక షరతు పెట్టింది. సగం ఎత్తుకోవచ్చు, సగం నడుస్తుంది. ఆ యుద్ధకాలంలో ఇక్కడి నాగా గ్రామస్థులు గాయపడినవారిని స్ట్రెచర్ల మీద మోసి కొండలు దింపారు, దారులు చూపించారు, తూటాల మధ్య సరుకు మోశారు. కుర్చీ నాలుగు చేతుల మీద లేచినప్పుడు అది తలపుకు రాకుండా ఎలా ఉంటుంది? నేను వెనుక నడుస్తూ అమ్మమ్మకు ఈ మాట చెప్పాను. ఆమె చేయి చాచి ముందున్న అతని భుజం మీద పెట్టింది, పడకుండా పట్టుకోవడానికో, మరెందుకో.

ప్రతి అర దగ్గరా దింపి, ఐదారు నిమిషాలు ఆగాం. నేను ఒక్కదాన్నే వచ్చి ఉంటే పావుగంటలో పైకి చేరి, స్మారకం చూసి, ఫొటోలు తీసుకొని దిగిపోయేదాన్ని. ఆమె మోకాళ్ల వల్ల ఆ కొండను నేను ఒక్కొక్క అరగా చూశాను. ఇక్కడి సమాధులకు నిలువురాళ్లు ఉండవు. నేలకు దగ్గరగా చిన్న రాతి దిమ్మెలు, వాటి మీద కంచు పలకలు. ఆమె వయసులు చదవమనేది. 19, 22, 20, 24. “అందరూ పిల్లలే” అంటూ కుర్చీ పక్కనున్న పలక మీద పడిన ఎండుటాకును కర్రతో తోసేది.

ఆగినప్పుడల్లా ఒక ప్రశ్న వేసేది. ఆమె అడిగినవి నేను పుస్తకాల్లో చదివి వెళ్లిన తుపాకుల లెక్కలు కావు. “వీళ్లకు నీళ్లెక్కడివి?” అంది మొదట. 1944 మార్చిలో జపాను సైన్యం బర్మా వైపు నుంచి చింద్విన్ నది దాటి వచ్చింది. సాతో అనే జనరల్ కింద దాదాపు 15,000 మంది ఏప్రిల్ 4 నాటికి కొహిమా చేరారు. ఈ కొండ శ్రేణి మీద ఉన్నవాళ్లు రెండున్నర వేలే. వారిలోనూ చాలామంది పోరాడే సైనికులు కాదు, గుమాస్తాలు, వంటవాళ్లు, ఆసుపత్రిలో ఉన్నవాళ్లు. శత్రువు నీటి సరఫరా తెంచేశాడు. ఈ కొండ మీది డిప్యూటీ కమిషనర్ బంగళా వెనుక చిన్న ఊట ఒకటి దొరికితే రాత్రిపూట పాక్కుంటూ వెళ్లి పట్టుకొనేవారు. మనిషికి రోజుకు గ్లాసెడు నీళ్లు కూడా గగనమే. విమానాల నుంచి పారాచూట్లతో జారవిడిచిన నీళ్ల డబ్బాల్లో కొన్ని శత్రువు వైపు పడేవి. ఆ స్థితిలో రెండు వారాలు నిలబడ్డాక ఏప్రిల్ 18న పంజాబీ పటాలం వారిని చేరుకొంది.

“అవతలివాళ్లకు అన్నం?” అంది తరువాతి అర దగ్గర. ఇది నేను ఊహించని ప్రశ్న, కానీ ఈ యుద్ధానికి మూలం దగ్గరకే వెళ్లిన ప్రశ్న. సాతో సైన్యం మూడు వారాలకు సరిపడే తిండి మాత్రమే వెంట తెచ్చుకొంది. ఆలోగా కొహిమా, ఇంఫాల్ పట్టుకొని అక్కడి గిడ్డంగుల సరుకు తినవచ్చని వారి పైఅధికారి ముతాగుచి లెక్క. కొహిమా పడలేదు. వెనుక నుంచి బియ్యం రాలేదు. వానలు మొదలయ్యాయి. చివరకు సాతో పైవారి ఆజ్ఞను ధిక్కరించి, మిగిలినవారిని వెనక్కు నడిపించాడు. ఆకలితో, జ్వరాలతో దారిపొడవునా పడిపోయినవారు ఎందరో. జూన్ 22న ఇంఫాల్ రోడ్డు తెరుచుకోవడంతో ఈ పోరాటం ముగిసింది. అమ్మమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, “వాళ్ల ఇళ్లల్లో కూడా ఎవరో ఎదురుచూసి ఉంటారు” అని, కుర్చీ నుంచి లేచి ఆ అర మెట్లు తానే ఎక్కింది.

ఇంత ఏటవాలు చోటు కోసం అంతమంది ఎందుకు చచ్చారో మైదానంలో పుట్టిన నాకు పుస్తకంలో అర్థం కాలేదు. ఆమెతో ఎక్కుతుంటే అర్థమైంది. ఎక్కడం కష్టమైనందుకే ఈ చోటు కావాలి. పైనున్నవాడికి రోడ్డంతా కనిపిస్తుంది. కింద నుంచి వచ్చేవాడు మా అమ్మమ్మలాగే మెట్టు మెట్టుకూ ఆగాలి, అదీ తూటాలకు ఎదురుగా.

టెన్నిస్ కోర్టు దగ్గర ఆమెను ఎక్కువసేపు కూర్చోబెట్టాం. యుద్ధానికి ముందు ఇక్కడ డిప్యూటీ కమిషనర్ బంగళా, దాని ముందు ఆయన టెన్నిస్ ఆడుకొనే చోటు ఉండేవి. బంగళా నేలమట్టమైంది. కోర్టు హద్దులను ఇప్పుడు తెల్లటి గీతలుగా గడ్డిలో నిలిపి ఉంచారు. ఏప్రిల్ నుంచి మే నడిమి దాకా ఈ గీతలకు అటు చివర ఒకరు, ఇటు చివర ఒకరు గోతులు తవ్వుకొని, బంతికి బదులు గ్రెనేడ్లు విసురుకొన్నారు. మే 13న ఒక ట్యాంకును ఎలాగో ఈ వాలు ఎక్కించి, కోర్టులోకి దించి, ఎదుటి బంకర్లను అతి దగ్గర నుంచి కొట్టాకే ఇది తిరిగి చేతికి వచ్చింది. పక్కనే ఒక చెర్రీ చెట్టు ఉంది. అప్పటి చెట్టు కాల్పుల్లో విరిగిపోగా, మిగిలిన మోడు నుంచి చిగిర్చినదట ఇది. అమ్మమ్మ తెల్లగీతను కర్రతో ఒక కొస నుంచి ఇంకో కొసకు చూపిస్తూ, “ఇంతేనా? మన కల్లం ఇంతకంటే పెద్దది” అంది. వాళ్ల ఊళ్లో వరి కుప్ప నూర్చే కల్లం నేనూ చూశాను. నిజమే, అది ఇంతకంటే పెద్దది.

అక్కడి నుంచి స్మారకం దాకా కుర్చీ ఎక్కనంది. కుడి పైకి, ఎడమ దాని పక్కకు. మళ్లీ కుడి పైకి. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో తమ్ముడి ముంజేయి. నేను కుర్చీ పట్టుకొని వెనుకే నడిచాను, ఆమె ఎక్కడ ఆగినా కింద పెట్టడానికి. నాలుగుసార్లు పెట్టాను.

పేర్లు దళాలవారీగా, ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. ఫోనులో రాసుకొన్న స్పెల్లింగు చూస్తూ సాపర్ల పేర్లలో వెతికితే కొన్ని నిమిషాలకు దొరికింది. అమ్మమ్మ ఐదో తరగతి దాకా తెలుగే చదివింది, ఇంగ్లీషు రాదు. ఆమె చూపుడువేలు పట్టుకొని మొదటి అక్షరం మీద పెట్టాను. చెక్కిన గాడిలో వేలు పెట్టి నెమ్మదిగా చివరిదాకా జరిపింది. తరువాత చదవమంది. చదివాను. “ఇంకా?” అంది. ఇంకేమీ లేదన్నాను. “ఇంటిపేరేదీ?”

ఇంటిపేరు లేదు. ఆనాటి గుమాస్తా ఎవరో ఆయన పేరొక్కటే రాసుకొన్నాడు, అదీ ఒక అక్షరం తప్పుగా. మనం పిలిచేదానికి ఒక దీర్ఘం పోయి, చివర ఒక హల్లు చేరింది. ఊరి పేరు, తాతమ్మ పేరు రికార్డులో ఉన్నాయి కానీ స్మారకం మీద లేవు. ఆమె దుఃఖమంతా అప్పుడు బయటికి వచ్చింది. ఇన్నాళ్లూ ఏడవనిది, మొదటి రోజు మోకాలి నొప్పికి కూడా కళ్లు తుడుచుకోనిది, ఇంటిపేరు లేదని ఏడ్చింది. “ఇలా రాస్తే ఎవరి బిడ్డనుకొంటారమ్మా? ఎవరైనా కావచ్చుగా” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తమ్ముడు వంగి ఆమె చెవిలో, రికార్డులో మన ఊరు ఉంది కదా అమ్మమ్మా అని చెబుతూనే ఉన్నాడు.

కొంత తేరుకొన్నాక చేతిసంచిలో నుంచి సీసా తీసింది. పద్మావతి ఘాట్‌లో ఆఖరి రోజు మేము ముంచి తెచ్చిన కృష్ణనీళ్లు అవి. పెట్టెలో వేసి పంపితే భద్రంగా వచ్చాయి. చిన్న పొట్లంలో నువ్వులు ఉన్నాయి. ఆడవాళ్లు తర్పణం విడవరని ఆమెకు తెలుసు. అన్నదమ్ములు లేని ఆమె, దౌహిత్రుడిగా ఇక మీద మా మామయ్య సరైన తిథికి పెడతాడని ముందే చెప్పింది. ఇది తర్పణం కాదు, దాహానికి నీళ్లంది. కిందనున్న గడ్డిలో పోయవచ్చునా అని తోటమాలిని సైగతో అడిగి, అతను తల ఊపాకే పోసింది. నీళ్ల సంగతి మొదటి అర దగ్గరే ఎందుకు అడిగిందో నాకు అప్పుడు తెలిసింది. ఊరి పేరు, ఇంటిపేరు, ఆయన పేరు, ఆయన తండ్రి పేరు వరుసగా, మన పెళ్లిపందిట్లో చెప్పినట్టు స్పష్టంగా చెప్పింది. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. దిగేటప్పుడు మాత్రం వాళ్లు ఎత్తుకోవడానికి ఒప్పుకొంది.

విజయవాడ వచ్చిన నాలుగో రోజు కమిషన్‌కు ఉత్తరం రాద్దామని ఆమే గుర్తుచేసింది. ఆధారాలు చూపితే పేర్లలోని తప్పులను వారు పరిశీలిస్తారు. తాతమ్మ పింఛను కాగితాల్లో మిగిలిన ఒకటి, రికార్డు నకలు, పతకం ఫొటో కలిపి నేను ఇంగ్లీషులో అర్జీ తయారుచేశాను. కింద సంతకం పెట్టవలసింది కుమార్తె. ఆమె అద్దాలు పెట్టుకొని, కాగితం బల్ల మీద సరిచేసుకొని, పదహారో ఏట పెళ్లయిన నాటి నుంచీ రాయని పుట్టింటి ఇంటిపేరును ముందు రాసి, దాని పక్కన తన పేరు తెలుగులో రాసింది. ఇంటిపేరులో ఒత్తు సరిగా పడలేదని కొట్టేసి, పైన మళ్లీ రాసింది. అలాగే పంపించాం. జవాబు ఇంకా రావలసి ఉంది.